మాక్స్ ముల్లర్ పేరు మీద రెండు చుక్కలు: డైరెక్టరీల్లో పేర్లు వెతకడం వెనక ఉన్న చరిత్ర

ఈ ఎపిసోడ్‌ని ఒక పేరుతో మొదలుపెడదాం. మాక్స్ ముల్లర్. స్కూల్ పుస్తకాల్లో ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. రుగ్వేదాన్ని అచ్చువేయించిన జర్మన్ పండితుడు. 1823లో జర్మనీలోని డెస్సావులో పుట్టాడు, 1900లో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో చనిపోయాడు. ఈయన ఇంటిపేరు ఇంగ్లీష్ అక్షరాల్లో ఎలా రాస్తారో తెలుసా? జర్మన్లు 'యు' అక్షరం మీద రెండు చుక్కలు పెట్టి రాస్తారు. ఇంగ్లీష్ పుస్తకాల్లో చాలాచోట్ల ఆ చుక్కలు ఉండవు, ఉత్త 'యు' మాత్రమే. ఢిల్లీలో జర్మన్ నేర్పే మాక్స్ ముల్లర్ భవన్ పేరు చూస్తే, 'యు' పక్కన ఒక 'ఇ' కూడా చేరి ఉంటుంది. మనిషి ఒక్కడే, స్పెల్లింగులు మూడు.

ఇప్పుడు ఒక యూనివర్సిటీ డైరెక్టరీలో రెండు లక్షల పేర్లున్నాయి అనుకోండి. అందులో ఒక ముల్లర్ ఉన్నాడు. మీ కీబోర్డ్ మీద చుక్కల 'యు' కనిపించలేదు. ఉత్త 'యు' కొట్టి వెతికారు. 'నో రిజల్ట్స్' అని వచ్చింది. మనిషి ఉన్నాడు, పేరు ఉంది, కానీ దొరకలేదు. ఈ చిన్న చిక్కు విప్పడానికి వందేళ్లకు పైగా పట్టింది. ఈరోజు నేను చెప్పబోయేది ఆ కథే.

కథలోకి వెళ్లేముందు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. డైరెక్టరీలో పేరు రెండు పనులు చేస్తుంది. ఒకటి, ఆ మనిషి తన పేరు ఎలా రాసుకుంటాడో అలా కనిపించడం. రెండు, వెతికేవాళ్లకి దొరకడం. ఈ రెండూ వేర్వేరు పనులు. వీటిని ఒకటే అనుకున్న ప్రతిసారీ నష్టం మాత్రం పేరు సొంతదారుకే జరిగింది. యంత్రం మారలేదు, మనిషి పేరే మారాల్సి వచ్చింది. ఇది యూరప్ వాళ్ల గోల, మనకెందుకులే అనుకోకండి. చివర్లో శ్రీశ్రీ, విశ్వనాథ సత్యనారాయణ దగ్గరికీ, మీ ఫోన్‌లో ఉన్న శైలజ దగ్గరికీ కూడా వస్తాం.

కాగితం మీద వెతుకులాట

ప్రపంచంలో మొదటి టెలిఫోన్ డైరెక్టరీగా చెప్పుకునేది 1878 ఫిబ్రవరిలో అమెరికాలోని న్యూ హేవెన్ అనే ఊళ్లో వచ్చింది. పుస్తకం కూడా కాదు, ఒకే ఒక అట్ట. దాని మీద 50 పేర్లు. నంబర్లు లేనే లేవు. ఫోన్ ఎత్తి ఆపరేటర్‌కి పేరు చెప్తే కలిపేవాళ్లు. 50 పేర్లలో వెతకడానికి కళ్లు చాలు. కానీ పేర్లు వేలల్లోకి, లక్షల్లోకి వెళ్లాక ఒక క్రమం కావాలి. అదే అకారాది క్రమం. ఒక రకంగా, కాగితం రోజుల్లో సెర్చ్ సాఫ్ట్‌వేర్ అంటే అదే.

మొదటి తకరారు అక్కడే వచ్చింది. చుక్కలున్న 'యు'ని ఎక్కడ పెట్టాలి? జర్మన్ల దగ్గర దీనికి రెండు సమాధానాలు ఉన్నాయి. డిక్షనరీలో అయితే చుక్కలు లేనట్టే లెక్క. ఫోన్ పుస్తకంలో అయితే 'యు' పక్కన 'ఇ' ఉన్నట్టు లెక్క. ఎందుకంటే కొన్ని కుటుంబాలు చుక్కలతో రాస్తాయి, కొన్ని 'ఇ' చేర్చి రాస్తాయి. చెవికి రెండూ ఒకటే. పేరు విన్నవాడికి ఏ స్పెల్లింగో ఎలా తెలుస్తుంది? అందుకని ఇద్దరు ముల్లర్లనీ ఒకేచోట పెట్టారు. ఇది వెతికేవాడి వైపు నుంచి ఆలోచించి పెట్టిన రూలు.

స్వీడన్ వెళ్దాం. అక్కడ 'ఓ' మీద రెండు చుక్కలు పెడితే అది 'ఓ' కానే కాదు. వేరే అక్షరం. వాళ్ల వర్ణమాలలో 29 అక్షరాలు. చివరి మూడూ ఇలాంటివే, 'జెడ్' తర్వాత వస్తాయి. స్పెయిన్‌లో 'ఎన్' మీద అల లాంటి గీత పెడితే అది 'ఎన్' తర్వాత వచ్చే వేరే అక్షరం. అంతేకాదు, 1994 దాకా స్పానిష్ డిక్షనరీల్లో 'సి', 'హెచ్' కలిసి ఒక అక్షరంగా, రెండు 'ఎల్'లు కలిసి ఇంకో అక్షరంగా విడిగా ఉండేవి. అంటే అవే రెండు చుక్కలు ఒక భాషలో పక్కన పెట్టదగ్గవి, ఇంకో భాషలో పక్కన పెట్టకూడనివి. ఈ సంగతి మళ్లీ మనకి అడ్డం వస్తుంది.

ఇదే కాగితం కాలంలో ఒక తెలివైన ఆలోచన పుట్టింది. 1918లో రాబర్ట్ రస్సెల్ అనే అమెరికన్ ఒక పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. తర్వాత దానికి సౌండెక్స్ అని పేరొచ్చింది. ఇంటిపేరులో మొదటి అక్షరం ఉంచుకోవాలి. తర్వాత వచ్చే అచ్చుల్ని వదిలేయాలి. దగ్గర దగ్గర శబ్దాలున్న హల్లులకి ఒకే అంకె ఇవ్వాలి. మొత్తం ఒక అక్షరం, మూడు అంకెలు. ముల్లర్‌ని ఉత్త 'యు'తో రాసినా, 'ఇ' చేర్చి రాసినా 'ఎం 460' అనే వస్తుంది. మన పేర్ల మీద కూడా వేసి చూడండి. లక్ష్మిని 'కె, ఎస్, హెచ్' పెట్టి రాసినా, 'ఎక్స్' పెట్టి రాసినా 'ఎల్ 250'. చౌదరి పేరుకి మనవాళ్లు రాసే రకరకాల స్పెల్లింగుల్లో చాలావాటికి 'సి 360'.

దీన్ని పెద్ద ఎత్తున వాడింది అమెరికా జనాభా లెక్కల కోసం. 1935లో అక్కడ సోషల్ సెక్యూరిటీ చట్టం వచ్చింది. పెన్షన్ కావాలంటే వయసు రుజువు చేయాలి. చాలామంది పెద్దవాళ్లకి బర్త్ సర్టిఫికెట్ లేదు. పాత జనాభా లెక్కల్లో పేరు దొరికితే అదే రుజువు. కానీ ఆ లెక్కలు రాసిన గుమాస్తాలు విన్నది విన్నట్టు ఏదో ఒక స్పెల్లింగ్‌లో రాసేశారు. అందుకే కార్డులు తయారుచేసి, ఈ కోడ్ వరసలో పేర్చారు.

ఇందులో అసలు విషయం గమనించండి. కార్డు మీద పేరు రాసి ఉన్నట్టే ఉంది, ఎవరూ దాన్ని దిద్దలేదు. కోడ్ విడిగా ఉంది. వెతకడం కోడ్‌తో, చదవడం పేరుతో. నేను మొదట్లో చెప్పిన రెండు పనులూ ఇక్కడ విడివిడిగా ఉన్నాయి. కంప్యూటర్ వచ్చాక ఈ పాఠం చాలాకాలం మరుగున పడిపోయింది.

128 గడులు

1963లో అమెరికాలో ఆస్కీ అనే ప్రమాణం వచ్చింది. ఒక్కో అక్షరానికి ఒక్కో నంబర్. మొత్తం 128 నంబర్లు. మొదటి రూపంలో చిన్న బడి అక్షరాలు కూడా లేవు, 1967లో చేరాయి. 128లో 33 యంత్రాన్ని నడిపే ఆజ్ఞలకి పోతే, ఖాళీతో కలిపి 95 మిగిలాయి. ఇంగ్లీష్‌కి సరిపోయాయి.

యూరప్ భాషల్ని వాళ్లు పూర్తిగా మర్చిపోయారు అనలేం. అప్పట్లో కంప్యూటర్ చెప్పింది టైప్‌రైటర్ లాంటి యంత్రం మీద కాగితంపై పడేది. అక్షరం కొట్టి, వెనక్కి జరిగి, దాని మీదే ఒక గీత కొడితే గీత ఉన్న అక్షరం తయారు. అందుకే టోపీ లాంటి గుర్తు, అల లాంటి గుర్తు ఆస్కీలో చోటు సంపాదించాయి. మీ ఫోన్ కీబోర్డ్‌లో సింబల్స్ పేజీ తెరిస్తే ఇప్పటికీ కనిపిస్తాయి. కానీ కాగితం పోయి స్క్రీన్ వచ్చాక, అక్షరం మీద అక్షరం కొడితే పాతది చెరిగిపోయి కొత్తది మాత్రమే మిగిలేది. ఆ దారి మూసుకుపోయింది.

అప్పుడు ఒక్కో దేశం ఒక్కో సర్దుబాటు చేసుకుంది. స్వీడన్ వాళ్లు బ్రాకెట్లు, నిలువు గీత లాంటి గుర్తుల నంబర్లు తీసుకుని తమ అక్షరాలకి ఇచ్చారు. బ్యోర్న్ అనే పేరు స్వీడన్ స్క్రీన్ మీద చక్కగా కనిపించేది. అదే ఫైల్ అమెరికా కంప్యూటర్‌లో తెరిస్తే 'ఓ' ఉండాల్సిన చోట ఒక నిలువు గీత. ఇటు స్వీడన్ ప్రోగ్రామర్ల పాట్లు వేరు. కోడ్‌లో బ్రాకెట్ పెట్టిన ప్రతిచోటా వాళ్లకి చుక్కల 'ఏ' కనిపించేది.

1987లో ఐ.ఎస్.ఓ. 8859-1 అనే ప్రమాణం వచ్చింది. గడులు 128 నుంచి 256కి పెరిగాయి. ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్, స్వీడిష్ అన్నీ ఒకే పట్టికలో ఇమిడాయి. బాగుంది కదా? కానీ చెక్, పోలిష్, హంగేరియన్ అక్షరాలకి అందులో చోటు లేదు. వాళ్లకి 8859-2 అని వేరే పట్టిక. రెండు పట్టికల్లోనూ అవే నంబర్లు, అక్షరాలు వేరు. చెక్ సంగీతకారుడు ద్వోర్జాక్ పేరులో 'ఆర్' మీద చిన్న కొక్కెం ఉంటుంది. రెండో పట్టికలో దాని నంబర్ 248. మొదటి పట్టికలో 248 అంటే డేనిష్ వాళ్ల అడ్డగీత 'ఓ'. అంటే చెక్ ఫైల్‌ని ఫ్రెంచ్ కంప్యూటర్‌లో తెరిస్తే ద్వోర్జాక్ పేరు మధ్యలో డేనిష్ అక్షరం ఊడిపడేది. ఒక ఫ్రెంచ్ మనిషి, ఒక చెక్ మనిషి ఒకే ఆఫీస్‌లో పనిచేస్తే, వాళ్లిద్దరి పేర్లూ సరిగ్గా రాసిన ఒకే ఫైల్ తయారుచేయడం కొన్నిసార్లు కుదిరేది కాదు.

ప్రపంచం మొత్తానికి ఒకే డైరెక్టరీ

ఇదే సమయంలో టెలిఫోన్ సంస్థలు పెద్ద కలే కన్నాయి. 1988లో ఎక్స్.500 అని ఒక ప్రమాణం రాశారు. ప్రపంచంలో ఎవరినైనా వెతకగలిగే ఒకే ఒక డైరెక్టరీ కావాలని. అందులో పేర్ల కోసం వాడిన ఒక పద్ధతిలో గీత ముందు, అక్షరం తర్వాత, రెండు ముక్కలుగా వెళ్లేవి. కానీ మొత్తం వ్యవస్థ చాలా బరువు. మామూలు కంప్యూటర్లు మోయలేవు. అందుకని 1993లో మిషిగన్ యూనివర్సిటీకి చెందిన టిమ్ హోవ్స్, మరికొందరు కలిసి ఎల్‌డ్యాప్ అనే తేలికపాటి పద్ధతి తెచ్చారు. ఈ పేరు మీరు విని ఉండకపోవచ్చు. కానీ కాలేజీలో ఒకే పాస్‌వర్డ్‌తో వైఫై, మెయిల్ రెండూ తెరుచుకుంటే, ఆఫీస్ మెయిల్‌లో రెండు అక్షరాలు కొట్టగానే కొలీగ్ పేరు వస్తే, చాలాచోట్ల వెనక ఉన్నది ఇదే.

1997లో వచ్చిన ఎల్‌డ్యాప్ మూడో వెర్షన్ ఒక పెద్ద నిర్ణయం తీసుకుంది. ఇకపై పేర్లన్నీ యూనికోడ్‌లోనే, యూటీఎఫ్-8 పద్ధతిలోనే ఉండాలి అని.

యూనికోడ్ సంగతి మీలో చాలామందికి తెలుసు. ప్రపంచంలోని లిపులన్నిటికీ ఒకే పట్టిక. మొదటి వెర్షన్ 1991లో వచ్చింది. దాన్ని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిని 1992 సెప్టెంబర్‌లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించారు. న్యూ జెర్సీలో ఒక హోటల్లో రాత్రి భోజనం చేస్తూ, ప్లేటు కింద వేసే కాగితం మీద గీసుకున్నారట. ఇందులో ఉత్త ఇంగ్లీష్ అక్షరానికి ఒక బైట్, గీతలున్న ఫ్రెంచ్ అక్షరానికి రెండు, తెలుగు అక్షరానికి మూడు. పాత ఇంగ్లీష్ ఫైళ్లు ఒక్క మార్పు లేకుండా అలాగే నడుస్తాయి. ద్వోర్జాక్, బ్యోర్న్, శైలజ ముగ్గురూ ఒకే ఫైల్‌లో కూర్చోవచ్చు.

దాంతో 'కనిపించడం' అనే మొదటి పనికి దారి దొరికింది. 'దొరకడం' అనే రెండో పని ఇంకా మిగిలే ఉంది. నిజానికి ఇంకాస్త జటిలమైంది.

ఎందుకో చూడండి. హోసే అనే స్పానిష్ పేరు చివర్లో 'ఇ' మీద ఒక ఏటవాలు గీత ఉంటుంది. యూనికోడ్‌లో దాన్ని రెండు రకాలుగా దాచొచ్చు. గీతతో కలిపి ఒకే అక్షరంగా, లేదా ఉత్త 'ఇ', దాని వెనకే విడిగా ఒక గీత. కంటికి వెంట్రుకవాసి తేడా ఉండదు. కంప్యూటర్‌కి మాత్రం అవి రెండు వేర్వేరు పేర్లు. అందుకే పోల్చే ముందు రెండిటినీ ఒకే రూపంలోకి మార్చాలి. దీన్ని నార్మలైజేషన్ అంటారు. ఎల్‌డ్యాప్ కోసం 2006లో రాసిన నియమాల్లో ఇది కచ్చితంగా చేయాలని ఉంది. పెద్ద బడి, చిన్న బడి తేడా కూడా చాలా రకాల పోలికల్లో పట్టించుకోరు. కానీ ఆ నియమాల ప్రకారం చుక్కల 'యు', ఉత్త 'యు' ఒకటి కావు. అంటే ముల్లర్ ఇంకా దొరకలేదు!

చుక్కలన్నీ తీసేస్తే పోలా?

మీలో ప్రోగ్రామింగ్ చేసేవాళ్లకి ఈపాటికి ఐడియా వచ్చే ఉంటుంది. అక్షరాన్ని, గీతని విడగొట్టు, గీతలు పారేయ్, మిగిలినదాన్ని పోల్చు. చాలా సాఫ్ట్‌వేర్లు చేసేది ఇదే. చాలావరకు పనిచేస్తుంది కూడా. కానీ మూడు చోట్ల బోల్తా కొడుతుంది.

ఒకటి. కొన్ని అక్షరాలు విడిపోవు. పోలిష్ వాళ్ల అడ్డగీత 'ఎల్', డేనిష్ వాళ్ల అడ్డగీత 'ఓ', వియత్నాం వాళ్ల అడ్డగీత 'డి'. యూనికోడ్ దృష్టిలో వీటిలో గీత అక్షరంలో భాగమే. గీతలు పారేసే కోడ్ వీటిని తాకనే తాకదు. చేత్తో విడిగా పట్టిక రాసుకోవాలి.

రెండు. గీత తీసేస్తే వచ్చేది అన్నిచోట్లా ఒకటి కాదు. జర్మన్ ముల్లర్‌కి చుక్కలు తీస్తే సరిపోదు, 'ఇ' చేర్చిన రూపంతో కూడా కలపాలి. స్వీడన్ మనిషికి చుక్కల 'ఓ'ని ఉత్త 'ఓ'తో కలిపేస్తే, తనకి వేరే అక్షరమైనదాన్ని కలిపేసినట్టు. భాష మారితే రూలు మారాలి. దీనికి ఒక సరదా ఉదాహరణ చెప్తా. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ స్వీడన్‌లో పుట్టింది. 2018లో ఎనిమిదో వెర్షన్ వచ్చేదాకా అందులో ఎవరూ సెట్టింగ్ మార్చకపోతే, పేర్లని స్వీడిష్ పద్ధతిలో పేర్చేది. ఆ పద్ధతిలో చుక్కల 'యు' అంటే 'వై'తో సమానం. ప్రపంచంలో ఎక్కడ వెబ్‌సైట్ కట్టినా సరే, సెట్టింగ్ ముట్టుకోకపోతే, మన ముల్లర్ వెళ్లి 'వై' దగ్గర కూర్చునేవాడు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. వెతకడం కోసం చేసిన మార్పుని తీసుకెళ్లి అసలు పేరులోనే చేసేయడం. చుక్కలు తీసిన రూపాన్నే దాచేస్తే, అసలు పేరు మళ్లీ తిరిగి రాదు. ఉత్త 'యు'తో ఉన్న ముల్లర్‌ని చూసి, అతను నిజంగానే ఉత్త 'యు'తో రాసుకునే మనిషా, లేక చుక్కలు పోగొట్టుకున్న మనిషా అని ఏ కంప్యూటరూ చెప్పలేదు.

చుక్క కోసం కోర్టుకి

అంత చిన్న చుక్క కోసం ఇంత చర్చా అనిపిస్తోందా? పాస్‌పోర్ట్ చూడండి. ఫోటో ఉన్న పేజీలో కింద రెండు వరసలు ఉంటాయి, యంత్రం చదివేవి. అంతర్జాతీయ నియమాల ప్రకారం అక్కడ ఇంగ్లీష్ పెద్ద బడి అక్షరాలు, అంకెలు, ఖాళీ నింపే గుర్తు తప్ప వేరేవి ఉండకూడదు. అందుకే జర్మన్ పాస్‌పోర్ట్‌లో పైన చుక్కలతో ముల్లర్, కింద 'ఇ' చేర్చిన ముల్లర్. ఒకే పేజీలో రెండు రూపాలు. ఇందులో తప్పేమీ లేదు. పైది మనిషి కోసం, కిందది యంత్రం కోసం. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. చిక్కు ఎక్కడంటే, కింది రూపమే అసలు పేరు అని ఎవరైనా అనుకున్నప్పుడు.

బెల్జియంలో సరిగ్గా ఇదే జరిగింది. ఒక బ్యాంకు ఖాతాదారు తన పేరుని గీతతో సహా సరిగ్గా రాయమని అడిగాడు. కుదరదంది బ్యాంకు. మా సిస్టమ్ 1995 నాటిది, అందులో ఎబ్సిడిక్ అనే అక్షరాల పట్టిక ఉంది, అందులో ఈ గీతలు లేవు, మార్చాలంటే చాలా డబ్బు, సమయం పడుతుంది అని వాదించింది. యూరప్‌లో 2018 మే నుంచి అమల్లో ఉన్న డేటా రక్షణ చట్టం జీడీపీఆర్. తన గురించి తప్పుగా ఉన్న సమాచారాన్ని సరిచేయించుకునే హక్కు అది మనిషికి ఇస్తుంది. 2019 అక్టోబర్‌లో బ్రస్సెల్స్ అప్పీల్ కోర్టు ఖాతాదారు వైపే నిలిచింది. పేరు సరిగ్గా రాయించుకోవడం ఆ హక్కులో భాగమే, పాత కంప్యూటర్ ఉంది అనేది సాకు కాదు అని తేల్చింది.

నాకు ఈ తీర్పులో నచ్చింది ఇదే. అన్నేళ్లూ కౌంటర్ దగ్గర వినిపించిన మాట ఒక్కటే, 'సిస్టమ్ తీసుకోవట్లేదండీ'. ఆ మాట ఎదురుగా మనిషే సర్దుకోవాలి అన్నట్టు ఉండేది. సర్దుకోవాల్సింది సిస్టమ్ అని కోర్టు చెప్పింది.

ఇప్పుడు మన దగ్గరికి

మరి మన శ్రీశ్రీకి, విశ్వనాథకి యూరప్ గీతలతో ఏం సంబంధం? సంబంధం గోధుమల దగ్గర మొదలైంది. అమెరికా పి.ఎల్.480 అనే చట్టం కింద భారతదేశానికి గోధుమలు అమ్మి, రూపాయల్లో డబ్బు తీసుకుంది. ఆ రూపాయల్లో కొంత పెట్టి 1962 నుంచి భారతీయ భాషల పుస్తకాలు కొని అమెరికా లైబ్రరీలకి పంపారు. వాటిలో తెలుగు పుస్తకాలూ ఉన్నాయి. కేటలాగ్‌లో వాటిని ఇంగ్లీష్ లిపిలోనే ఎక్కించాలి. కానీ తెలుగులో ఉన్న దీర్ఘాలు, ణ, శ తేడాలు పోకూడదు. అందుకని అక్షరాల పైనా కిందా గీతలు, చుక్కలు పెట్టే పద్ధతి వాడారు. దాని ప్రకారం విశ్వనాథ సత్యనారాయణ అనే పేరులో అయిదు గుర్తులు పడతాయి. 'శ' కోసం 'ఎస్' మీద ఏటవాలు గీత, మూడు దీర్ఘాలకి 'ఏ' మీద మూడు అడ్డగీతలు, 'ణ' కోసం 'ఎన్' కింద చుక్క. శ్రీశ్రీలో అయితే 'ఎస్' మీద, 'ఐ' మీద గీతలు, అదీ రెండేసిసార్లు.

ఇప్పుడు మన కుర్రాడు ఎవరో అమెరికాలో చదువుతూ, ఆ లైబ్రరీలో ఇవేవీ లేకుండా పేరు కొడతాడు. గీతలు పట్టించుకోని సెర్చ్ ఉంటే శ్రీశ్రీ దాదాపు దొరికేస్తాడు. కానీ విశ్వనాథ దొరక్కపోవచ్చు. ఎందుకంటే మనం ఇంగ్లీష్‌లో 'డబ్ల్యు' పెట్టి రాస్తాం, కేటలాగ్‌లో 'వి' ఉంటుంది. గీతలు తీసేసినా ఈ తేడా పోదు.

లైబ్రేరియన్లు దీనికి సాఫ్ట్‌వేర్ కన్నా ముందే మందు కనిపెట్టారు. ప్రతి రచయితకీ ఒక కార్డు. దాని మీద ఒక ముఖ్యమైన పేరు. దాని కింద, ఈ మనిషినే ఇలా కూడా రాస్తారు, ఇలా కూడా రాస్తారు అని మిగతా రూపాలన్నీ. ఏది పట్టుకుని వచ్చినా అదే కార్డు దగ్గరికి చేరతారు. ఎల్‌డ్యాప్‌లో కూడా దీనికి చోటు ఉంది. తెర మీద చూపించే పేరు ఒక్కటే. కానీ 'కామన్ నేమ్' అనే గడిలో ఎన్ని రూపాలైనా పెట్టొచ్చు. చుక్కల ముల్లర్, ఉత్త ముల్లర్, 'ఇ' చేర్చిన ముల్లర్ ముగ్గురినీ అందులో పెట్టేస్తే, ఏది కొట్టినా మనిషి దొరుకుతాడు. తెర మీద మాత్రం తన పేరు తాను రాసుకున్నట్టే కనిపిస్తుంది. 1918 నాటి ఆ ఆలోచనే ఇది. పేరుని ముట్టుకోకు, దాని దగ్గరికి దారులు పెంచు.

ఇక శైలజ. పేర్లు తెలుగు లిపిలోనే దాచుకుంటే ఈ గొడవ ఉండదు అనుకుంటున్నారా? మన ఐత్వం చూడండి. పైన ఎత్వం లాంటి గుర్తు, కింద ఒక తోక. యూనికోడ్‌లో దీన్ని ఒకే గుర్తుగా దాచొచ్చు, లేదా ఎత్వం, తోక అని రెండు ముక్కలుగా దాచొచ్చు. హోసే పేరులో 'ఇ', గీత ఉన్నట్టే. ఒక రూపంలో శైలజ నాలుగు కోడ్‌లు, ఇంకో రూపంలో అయిదు. నార్మలైజేషన్ చేయని యాప్‌లో ఒక శైలజని వెతికితే ఇంకో శైలజ దొరకదు.

రాజ్‌కుమార్ పేరు కూడా చూడండి. 'జ' కింద 'క' ఒత్తు పడకుండా ఉండాలంటే మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు పెట్టాలి. అది పెట్టినవాళ్లు ఉంటారు, పెట్టనివాళ్లు ఉంటారు. వెతికేటప్పుడు ఆ గుర్తుని లెక్కలోకి తీసుకోకుండా ఉండాల్సింది యాప్. మీరు కాదు.

మీలో చాలామంది రేపు యాప్‌లు కట్టబోయేవాళ్లు. కాలేజీ ఫెస్ట్ రిజిస్ట్రేషన్ కావచ్చు, ఊళ్లో క్లినిక్ పేషెంట్ల లిస్ట్ కావచ్చు. పేరు కోసం గడి పెట్టినప్పుడు దాని పక్కనే, కనపడకుండా, ఇంకో గడి పెట్టండి. మొదటిదాంట్లో మనిషి ఇచ్చిన పేరు, ఇచ్చింది ఇచ్చినట్టు. రెండోదాంట్లో నార్మలైజ్ చేసి, గీతలు తీసి, ఇతర రూపాలు చేర్చిన వెతుకులాట సరుకు. మొదటిదాన్ని చూపించండి, రెండోదాంట్లో వెతకండి. రెండోదాన్ని ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్లీ తయారుచేసుకోవచ్చు. మొదటిది పాడైతే, మళ్లీ ఆ మనిషినే అడగాలి. ఆ మనిషి అప్పటికి అందుబాటులో ఉంటే.

ఇప్పుడే ఒక పని చేయండి. ఫోన్ కీబోర్డ్‌లో ఇంగ్లీష్ 'యు'ని కాసేపు నొక్కి పట్టుకోండి. చుక్కల 'యు' పైకి వస్తుంది. దానితో ముల్లర్ అని ఒక కాంటాక్ట్ సేవ్ చేసి, ఉత్త 'యు'తో వెతకండి. తర్వాత 'ఇ' చేర్చి వెతకండి. మీ ఫోన్ ఏ రూలు పాటిస్తోందో తెలిసిపోతుంది. ఏ ఫోన్‌లో ఏం వచ్చిందో కామెంట్లలో రాయండి, చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.